స్క్రీన్ మీద ఆగింది

హాసిని ఫోన్ చేసేటప్పటికి నేను బెండకాయలు తరుగుతున్నాను. పగలు మా ఇంట్లో వంట నాది. మా ఆవిడ వసుమతి ఫార్మా కంపెనీలో క్వాలిటీ చూస్తుంది, పొద్దున వెళ్తే సాయంత్రానికే రావడం. అమెరికాలో ఈ క్యారీ అనే ఊళ్ళో మా వీధంతా పగటిపూట ఖాళీ. చెత్త బండి, కొరియర్ వ్యాన్లు, నేను.

"లక్ష్మీపతన్నా, డెనీస్ చెయ్యి ఇరికింది మెషిన్ల."

"డెనీస్ ఎవరు?"

"మా ల్యాబ్ టెక్నీషియన్ అన్నా! రోజూ మన సాఫ్ట్‌వేర్ వాడేది ఆమెనే. ఒక ట్యూబు వంకరైందంట, సరిచేద్దామని స్టాప్ ఒత్తింది. స్క్రీన్ మీద ఆగింది అని వచ్చింది. చెయ్యి లోపల పెట్టింది. మెషిన్ ఆర్మ్ ఆగలే."

నేను కత్తి కింద పెట్టాను. "ఏమైంది చేతికి?"

"రెండు వేళ్ళు విరిగినయ్. హాస్పిటల్‌కి తీస్కపోయిన్రు. నేనొస్తున్న అన్నా మీ ఇంటికి. రేపు పొద్దున మీటింగ్ పెట్టిన్రు. కోడ్ నాది కాబట్టి నేనే చెప్పాల్నంట."

కోడ్ తనది కాదు, నాది. ఆ సంగతి ఆమెకీ నాకూ మా వసుమతికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

జాబ్ సపోర్ట్ అంటే మనవాళ్ళలో తెలియనివాళ్ళు ఉండరు. ఉద్యోగం ఒకరిది, పని ఇంకొకరిది. హాసిని ఇక్కడ ఎమ్మెస్ చేసింది, వెబ్‌సైట్ల పని నేర్చుకుంది. ఉద్యోగాలు ఇప్పించే కన్సల్టెన్సీవాళ్ళు ఆమె రెజ్యూమేలో లేని అనుభవం కలిపి, డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో కూర్చోబెట్టారు. రక్తం ట్యూబుల్ని ఒక ట్రే నుంచి ఇంకో ట్రేలోకి మార్చే మెషిన్ తయారుచేసే కంపెనీ. వెళ్ళిన మొదటి వారమే, తెలిసినవాళ్ళ దగ్గర నా నంబరు తీసుకుని, ఏడుస్తూ ఫోన్ చేసింది. అప్పట్నుంచి ఆమె లాగిన్‌తో ఇంట్లో కూర్చుని నేను రాస్తాను. మీటింగుల్లో ఆమె మాట్లాడుతుంది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. తెనాలిలో కంప్యూటర్ షాపులో పెట్టెలు మోయడంతో మొదలుపెట్టి, మెడికల్ షాపులకి బిల్లింగ్ ప్రోగ్రాములు రాసేదాకా వచ్చాను. నేను రాసిన స్క్రీన్లు గుంటూరు జిల్లాలో ఇప్పటికీ నడుస్తున్న షాపులున్నాయి. మేనమామ కూతురు కాబట్టి వసుమతి నన్ను చేసుకుంది, ఆమె ఉద్యోగం వెంట నేనీ దేశం వచ్చాను. ఇక్కడ ఇంటర్వ్యూల్లో నేను ఏం రాయగలనో చూసినవాడు లేడు. చదువు దగ్గర వేలు పెట్టి, మొహం అదోలా పెట్టి, మళ్ళీ పిలుస్తామనేవాళ్ళు. కొన్నాళ్ళకి పిలిపించుకోవడం మానేశాను. పట్టాలున్నవాళ్ళ పని పట్టా లేనివాడు చేసిపెడుతున్నాడని లోపల్లోపల ఒక రకం పొగరు ఉండేది నాకు. ఆ పొగరు మీదే ఇన్నేళ్ళూ బతికాను.

హాసిని వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచి, మంచినీళ్ళు కూడా అడక్కుండా డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచింది. ల్యాబ్‌లో కెమెరా ఉందట, ఆ వీడియో.

మెషిన్‌ని నేను చూడటం అదే మొదలు. అంత పెద్దదని అనుకోలేదు. మూత తీసి ఉంది, టెస్టింగ్‌లో అలాగే నడుపుతారట. డెనీస్ పొట్టిగా, తెల్లజుట్టుతో ఉంది. మా పెద్దక్క వయసుంటుంది. స్క్రీన్ మీద స్టాప్ నొక్కింది. బటన్ బూడిదరంగుకి మారింది. పైన 'ఆగింది' అని అక్షరాలు పడ్డాయి. ఆమె స్క్రీన్ వైపు ఒకసారి, ట్రే వైపు ఒకసారి చూసి, చెయ్యి పెట్టింది. ఆర్మ్, అంటే మెషిన్ చెయ్యి, పట్టుకున్న ట్యూబు వదిలి, తొందరేమీ లేకుండా, తర్వాతి ట్యూబు మీదికి దిగింది.

"సౌండ్ లేదన్నా ఇందుల. నేను విన్న అక్కడ," అంది హాసిని.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరు గుమస్తాలు ఉంటారనుకోండి. ఒకడు స్క్రీన్ దగ్గర కూర్చుంటాడు, వాణ్ణి మెయిన్ థ్రెడ్ అంటాం. ఇంకొకడు వెనకగదిలో మెషిన్‌ని నడుపుతాడు, వాడు వర్కర్ థ్రెడ్. ఎవడి ముందు వాడికి ఒక ట్రే, అందులో చీటీలు పడుతుంటాయి. చీటీ తియ్యి, ఆ పని చెయ్యి, మళ్ళీ ట్రే వైపు చూడు. అలా తిరుగుతూనే ఉండాలి, దాన్నే ఈవెంట్ లూప్ అంటారు. ఇద్దరిలో ఎవడూ ఒకే పని పట్టుకుని కూర్చోకూడదు, కూర్చుంటే కొత్తగా పడిన చీటీ చూసేవాడుండడు.

నేను వెనకగదివాడికి 'ట్రేలో ఉన్న ట్యూబులన్నీ మార్చు' అని ఒకే చీటీ రాశాను. వాడు ఆఖరి ట్యూబు దాకా తల ఎత్తడు. డెనీస్ స్టాప్ నొక్కగానే ముందరివాడు 'ఆపు' అని చీటీ రాసి వెనక్కి విసిరాడు, విసిరేసి, వాడు ఆపాడో లేదో కనుక్కోకుండా, ఆగింది అని స్క్రీన్ మీద రాసేశాడు. అలా రాయమన్నది కూడా నేనే. చీటీ వెనకగదిలో ట్రేలో పడే ఉంది.

నాకెందుకు తెలియలేదంటే నా దగ్గర మెషిన్ లేదు. ఉత్తుత్తి మెషిన్, సిమ్యులేటర్, ఒకటి నేనే రాసుకున్నాను. అందులో ట్యూబులన్నీ రెప్పపాటులో అయిపోతాయి. ఎప్పుడు స్టాప్ నొక్కినా అప్పటికే పనైపోయి, వర్కర్ ఖాళీగా ఉండి, చీటీ తీసుకునేవాడు. నేను నొక్కిన ప్రతిసారీ ఆగింది.

ఇది తెలియక చేసిన తప్పు అని చెప్పుకోవచ్చు. కానీ హాసిని నన్ను అడిగింది. కిందటి నెలే అడిగింది.

"అన్నా, వర్కర్ లూప్‌ల నుంచి బయటికొస్తలేడు గదా, మరి స్టాప్ ఎట్ల వింటడు?"

ఆ మాట వినగానే ఎక్కడో కలుక్కుమంది. ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న అని నాకు తెలుసు. కానీ దానికి ముందురోజే ఇంకో మాట చెప్పి ఉంది. కోడ్ తనకీ అర్థమవుతోందనీ, వచ్చే నెల నుంచి తనే చేసుకుంటాననీ, నన్ను ఇబ్బంది పెట్టననీ. ఇబ్బంది అంది. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో ఆమెకి తెలియదు.

"ఎమ్మెస్ చదివినమ్మవి, నీకు పుస్తకంలో ఉంటే చాలు," అన్నాను. "నేను స్క్రీన్లు రాయడం మొదలెట్టినప్పుడు నువ్వు పుట్టలేదు. ఇదిగో చూడు, స్టాప్ నొక్కుతున్నా. ఆగిందా, లేదా?"

"ఆగింది."

"మరి?"

"గదే అన్నా... ఒకసారి నిజం మెషిన్ మీద..."

"సిమ్యులేటర్‌లో పాసైంది. ఇచ్చెయ్. మీ మేనేజర్ శుక్రవారానికి అడిగాడన్నావుగా."

ఇచ్చేసింది. నా మాట మీద.

ఇప్పుడు నా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, అదే గొంతుతో అడుగుతోంది. "ఏడ తప్పైంది అన్నా?"

నోరు తెరిచాను. నా లూప్‌లో అని చెప్పాలి. నువ్వు అడిగినదే నిజమమ్మా అని చెప్పాలి. నా కూతురంత పిల్ల ముందు ఆ మాట రాలేదు. ప్రోగ్రాం రాసే లాగ్ ఫైల్ తెరిచి, ఒక వరస మీద వేలు పెట్టాను.

"చూడు. స్టాప్ పంపినట్టు మనవైపు రికార్డ్ ఉంది. మనం చెప్పాం. అవతల మెషిన్ లోపలే ఉండే ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్, అది వినలేదు."

"ఫర్మ్‌వేర్ అంటే మా టీమ్‌ల ధృవ్ రాసింది."

"ఎవరు రాశారో నాకెందుకు? ఇది చూపించు రేపు. చాలు."

హాసిని ఆ వరస వైపు చాలాసేపు చూసింది. ఆ వరస రాసింది ముందరి గుమస్తా. వాడు పంపానన్నాడు, అందిందని ఎవడూ అనలేదు. ఆ తేడా ఆమెకి కనిపిస్తుందేమోనని వేలు అక్కణ్ణుంచి తీసేశాను.

"గంతేనా అన్నా?"

"అంతే."

"సరే అన్నా." ల్యాప్‌టాప్ మూసి, లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగింది. "డెనీస్ నాకు ప్రతి సోమవారం బనానా బ్రెడ్ తెచ్చిస్తది. నువ్వు బక్కగున్నవ్ అంటది."

వెళ్ళిపోయింది. బెండకాయలు సగం తరిగి అలాగే ఉన్నాయి.

సాయంత్రం వసుమతి వచ్చింది. నా మొహం చూసి, బ్యాగ్ కూడా దించకుండా, "ఏమైంది?" అంది. చెప్పాను. అన్నీ చెప్పాను, హాసిని అడిగిన సంగతితో సహా. మా ఆవిడకి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, మేనమామ ఇంట్లో కలిసి పెరిగినవాళ్ళం.

అంతా విని, సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ అంది. "మా దగ్గర కాగితం మీద తప్పు పడితే ఒకటే గీత కొట్టాలి, కింద ఉన్నది కనబడాలి. పక్కన కొట్టినవాళ్ళు సంతకం పెట్టాలి. వైట్నర్ పూస్తే ఉద్యోగం ఊడుతుంది. మీరు చేసేదాంట్లో మీ సంతకం పెట్టే చోటే లేదు కదండీ."

"నేను కావాలని చేశానా?"

"చెయ్యి నలగడం కావాలని చేయలేదు. మధ్యాహ్నం ఆ పిల్లకి చెప్పింది?"

నేను చేతులు తుడుచుకునే గుడ్డ అందించాను.

"రేపు పొద్దున అది వెళ్ళి ధృవ్ పేరు చెప్తుంది. పేరు చెప్పకపోయినా ఫర్మ్‌వేర్ అంటుంది. అది రాసింది అతనేగా? రేపెప్పుడో వాళ్ళు విప్పి చూస్తే? అబద్ధం చెప్పింది హాసిని అవుతుంది, మీరు కాదు."

"నిజం చెప్తే దాని ఉద్యోగం పోతుందే. వీసా మీద ఉన్న పిల్ల. రెండు నెలల్లో ఇంకోటి దొరక్కపోతే పెట్టె సర్దుకుని ఇండియా వెళ్ళిపోవాలి."

"ఓహో. దాని కోసమే చెప్పలేదన్నమాట."

కంచం ముందుకి లాక్కున్నాను. అన్నం కలుపుకుని, కలుపుకున్నది అలాగే వదిలేశాను.

పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మెసేజ్ పెడదామని 'హాసినీ' అని కొట్టి, ఆ తర్వాత ఏం రాయాలో తెలియక తుడిచేశాను. ఇలాంటివి రాతలో పెట్టకూడదని మొదట్లో ఆమెకి నేర్పింది నేనే. కారు తీశాను. ఆ కంపెనీ దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. వాళ్ళ ప్రోగ్రాంలో ప్రతి మూలా తెలుసు, వాళ్ళ గేటు ఎటువైపుందో తెలియదు. పైన్ చెట్ల మధ్య రెండుసార్లు తప్పు మలుపు తిరిగి, చివరికి పార్కింగ్ లాట్‌లోకి వచ్చాను.

హాసిని తన కారులోనే ఉంది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని తనలో తను ఏదో చెప్పుకుంటోంది. అద్దం మీద తట్టాను. ఉలిక్కిపడింది.

"అన్నా! మీరేంది ఇక్కడ?"

పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను. "ఫర్మ్‌వేర్‌లో ఏం లేదమ్మా. నాదే తప్పు. వర్కర్ బయటికి రావట్లేదు. నువ్వు అడిగావు చూడు, అదే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ముందరి అద్దంలోంచి బిల్డింగ్ వైపు చూస్తూనే అంది.

"నాకు తెల్సు అన్నా."

"తెలుసా?"

"నిన్న ఇంటికి పోయి సిమ్యులేటర్‌ల ఒక్కో ట్యూబుకి కొంచెం డిలే పెట్టి చూసిన. స్టాప్ ఒత్తిన. స్క్రీన్ ఆగిందన్నది, ట్యూబులు పోతనే ఉన్నయ్."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదే?"

"చేసి ఏం చెప్పాలన్నా?" నా వైపు తిరిగింది. కళ్ళు వాచి ఉన్నాయి. "అయినా ఫర్మ్‌వేరే అందామనుకున్న. ధృవ్ ఇక్కడ పుట్టినోడు, పాస్‌పోర్ట్ ఉంది, ఈడ పోతే ఇంకోచోట దొరుకుతది. నాకట్ల కాదు గదా. లక్ష్మీపతన్న చెప్పిండు, నేను ఆయన మాట నమ్మిన, నాకేం తెల్వదు అని మనసుకి చెప్పుకుంటున్న. మీరొచ్చేదాకా అదే చెప్పుకుంటున్న. ఇప్పుడు మీరొచ్చి నిజం చెప్పిన్రు. ఇగ నాకు ఆ మాట కూడా లేకుండ చేసిన్రు."

నేను ఎంత ధైర్యం చేసి వచ్చాననుకున్నానో! దారంతా ఆ మాట నోట్లో మోసుకొచ్చి ఆమె ఒళ్ళో దించాను, బరువు దిగింది నాకు మాత్రమే.

"నేను లోపలికొస్తాను," అన్నాను. "రాసింది నేనని చెప్తాను. నీకు తెలియదని..."

నవ్వింది. అది నవ్వు కాదనుకోండి. "మీరెవరని వస్తరన్నా? వేరేటోళ్ళకి కంపెనీ లాగిన్ ఇచ్చిందని నన్ను వెంటనే పంపిస్తరు. తర్వాత కన్సల్టెన్సీని తవ్వుతరు, నా వీసాని తవ్వుతరు. మీకేమో గ్రీన్ కార్డ్ ఉంది, చెప్పి ఇంటికి పోతరు. మీరు ఈడ లేరన్నా. ఎన్నడూ లేరు. కార్ల కూసోండి."

ఐడీ కార్డ్ మెడలో వేసుకుని దిగింది. నడుస్తూ దుపట్టా సర్దుకోబోయి, అది లేదని గుర్తొచ్చినట్టు చొక్కా అంచు పట్టుకుంది.

కూర్చున్నాను. ఎండ ఎక్కింది. లోపల వాళ్ళు ఏం అడుగుతారో, ఆమె ఏం చెప్పాలో నేను మనసులో చెప్పుకుంటూ ఉన్నాను, నేనే ఆ గదిలో ఉన్నట్టు. ఒక్కో ట్యూబు తర్వాత ట్రే వైపు చూడాలి. మెషిన్ ఆగానని జవాబిచ్చాకే స్క్రీన్ మీద రాయాలి. నాలుగు లైన్ల మార్పు. ఆమె అడిగిన రోజు నేను చేసి ఉంటే కాఫీ చల్లారేలోపల అయిపోయేది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. హాసిని, పక్కన డెనీస్. డెనీస్ కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. హాసిని ఆమె బ్యాగ్ మోస్తూ వచ్చి, ఆమె భర్త అనుకుంటాను, కారులో ఎదురుచూస్తున్న ఒకాయనకి అందించింది. డెనీస్ కారు ఎక్కబోతూ నన్ను చూసింది. హాసిని ఏదో చెప్పింది. మా అన్నయ్య, నన్ను తీసుకెళ్ళడానికొచ్చాడు అని కావచ్చు. డెనీస్ నా దగ్గరికి నడిచొచ్చింది. నేను దిగాను.

మీ చెల్లెలు ఇవాళ లోపల తప్పు తనదేనని చెప్పింది, అంది ఇంగ్లీషులో. ఇక్కడ ఇన్నేళ్ళ నుంచి పనిచేస్తున్నాను, అలా చెప్పినవాళ్ళని చూడలేదు, అంది. మీరు ఆమెని బాగా పెంచారు.

ఎడమచెయ్యి చాపింది. నేను తీసుకున్నాను. థాంక్యూ అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట అదే.

వాళ్ళ కారు వెళ్ళాక అడిగాను. "ఏమన్నారమ్మా?"

"స్టాప్ ఎందుకు వినలేదో చెప్పిన. అర్థమైంది అన్నరు. ధృవ్ కూడా అవునన్నడు. అదంత బాగనే అయింది." నేల వైపు చూస్తోంది. "ఆఖరికి మేనేజర్ ఒక్కటి అడిగిండు. మెషిన్ నీ డెస్క్ పక్కనే ఉంది గదా, దాని మీద ఎందుకు టెస్ట్ చెయ్యలే, సిమ్యులేటర్ ఎందుకు రాసుకున్నవ్ అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటనన్నా? మెషిన్ ఆడనే ఉంది. నా కుర్చీ నుంచి చెయ్యి చాపితే అందుతది. ఏం చెప్పలే. ఊకున్న. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నరు." ఊపిరి తీసుకుంది. "సోమవారం దాకా టైమిచ్చిన్రు. సరిచేసి, మెషిన్ మీద చూపియ్యాలె. ఆ ప్రశ్నకి జవాబు కూడా రాసియ్యాలె. అప్పుడు చెప్తరంట, ఉంచేదీ లేనిదీ."

"సరిచేయడం పెద్ద పని కాదు. ఒక్కో ట్యూబు అయ్యాక..."

"వద్దన్నా." గొంతు పెంచలేదు. "లాగిన్ మార్చేసిన. నేనే చేస్త."

"కనీసం ఆ జవాబు ఎలా రాయాలో..."

"అది అసలే వద్దు."

కార్డ్ తలుపుకి ఆనించి లోపలికి వెళ్ళిపోయింది. నేను నా కారులో కూర్చుని తాళం తిప్పకుండా ఉండిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది, డెనీస్‌ని చెయ్యి ఎలా ఉందని కూడా అడగలేదు. ఆవిడ అంతసేపు నా ముందు నిలబడింది. కట్టు అంచున రెండు వేళ్ళ కొసలు ఉబ్బి, నల్లబడి కనిపిస్తూనే ఉన్నాయి.